ఎర్రర్ బిట్ ఒకటే, చిప్‌లు వేరు: లినక్స్ ఆర్8169 డ్రైవర్‌పై ఒక కేస్ స్టడీ

నెట్‌వర్క్ డ్రైవర్‌లో అన్నిటికంటే తక్కువ పరీక్షకు గురయ్యేది ఎర్రర్ కోడే. ప్యాకెట్లు పంపే దారి, అందుకునే దారి రోజంతా నడుస్తూనే ఉంటాయి. గిగాబిట్ లింక్ మీద 64 బైట్ల ప్యాకెట్లు నిండుగా వస్తే సెకనుకు దాదాపు 14.88 లక్షలు. అక్కడ తప్పుంటే మొదటి రోజే బయటపడుతుంది. ఎర్రర్ దారి అలా కాదు. ఎప్పుడో నెలకోసారి, అదీ మన ల్యాబ్‌లో లేని మెషీన్ మీద నడుస్తుంది. ఒకే డ్రైవర్ ఫైలు పదుల కొద్దీ చిప్ వెర్షన్లను మోస్తుంటే ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఒక చిప్ మీద ప్రాణం పోసిన కోడ్, ఇంకో చిప్ మీద బాగా నడుస్తున్న లింక్‌ను పడగొడుతుంది.

దీన్ని చూపించడానికి లినక్స్ కెర్నెల్‌లోని ఆర్8169 డ్రైవర్‌ను తీసుకుంటున్నాను. రెండు కారణాలున్నాయి. ఇది రియల్‌టెక్ చిప్‌ల డ్రైవర్. సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లో లినక్స్ వేస్తే, చాలాసార్లు లోడ్ అయ్యేది ఇదే. రెండోది, దీని మార్పుల చరిత్ర మొత్తం కెర్నెల్ సోర్స్‌లో అందరికీ కనిపిస్తుంది. ఏ ప్యాచ్ ఎందుకు పడిందో, తర్వాత ఎందుకు మారిందో వరసగా చదువుకోవచ్చు. డ్రైవర్ల పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను ముందుగా చదవమని చెప్పేది ఈ ఫైలునే, అందులోనూ ఇంటరప్ట్ హ్యాండ్లర్‌నే, అంటే చిప్ సీపీయూని పిలిచినప్పుడు నడిచే కోడ్‌నే.

చిప్‌ను గుర్తుపట్టడం

పీసీఐ ఐడీ (పరికరం బస్ మీద తన గుర్తింపుగా చెప్పే సంఖ్య) చూస్తే చిప్ ఏదో తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ తెలియదు. 10ఈసీ:8168 అనే ఒక్క ఐడీ కిందే 8168బీ నుంచి 8168సీ, డీ, హెచ్ వరకు ఎన్నో తరాలు వచ్చాయి. డబ్బా మీద పేరు అదే, బోర్డు మోడల్ అదే, లోపలి సిలికాన్ వేరు. అందుకే డ్రైవర్ ప్రోబ్ సమయంలో, అంటే పరికరాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకునేటప్పుడు, టీఎక్స్ కాన్ఫిగ్ అనే రిజిస్టర్ (చిప్‌లోని చిన్న నిల్వ గడి) చదివి, పై బిట్లలోంచి ఎక్స్ఐడీ అనే సంఖ్యను లాగుతుంది. దాన్ని టేబుల్‌లో వెతికి, తన అంతర్గత వెర్షన్ నంబరు ఇచ్చుకుంటుంది. బూట్ లాగ్‌లో ఎక్స్ఐడీ 541 అని కనిపిస్తే అది 8168హెచ్. ఈ అంతర్గత నంబర్లలో 06 వరకు ఉన్నవి పాత పీసీఐ బస్ మీద నడిచే 8169, 8110 చిప్‌లు. 11 అంటే 8168బీ, 22 అంటే 8168సీ రకాల్లో ఒకటి. ఈ నంబర్లు గుర్తుంచుకోండి, కథంతా వీటి చుట్టూనే.

ఇంకొక్క విషయం కూడా ముందే చెప్పాలి. ఇంటరప్ట్ స్టేటస్ రిజిస్టర్‌లో ఒక్కో బిట్ ఒక్కో సంఘటనకు గుర్తు. హెక్స్‌లో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) 0001 అంటే ప్యాకెట్ వచ్చింది, 0020 అంటే లింక్ మారింది, 0040 అంటే రిసీవ్ ఫిఫో పొంగింది, 8000 అంటే సిస్టమ్ ఎర్రర్. దీనికి తోడుగా మాస్క్ రిజిస్టర్ ఉంటుంది. ఏ సంఘటనలకు సీపీయూని పిలవాలో మాస్క్ చెబుతుంది. అయితే మాస్క్‌లో లేని బిట్ స్టేటస్‌లో కనిపించదని అనుకోకూడదు. మాస్క్ ఆపేది పిలుపును మాత్రమే. బిట్ తన పాటికి తాను వెలుగుతూనే ఉంటుంది. రాబోయే రెండు ఘట్టాలకూ మూలం ఇదే.

మొదటి ఘట్టం: ఫిఫో పొంగినప్పుడు

చిప్ లోపల చిన్న బఫర్ ఉంటుంది, అదే ఫిఫో. తీగ మీద నుంచి వచ్చిన ప్యాకెట్ ముందు అందులో చేరి, తర్వాత డీఎంఏ ద్వారా, అంటే సీపీయూ చేయి పడకుండానే, మెయిన్ మెమొరీకి వెళ్తుంది. తీసేదానికంటే వచ్చేది ఎక్కువైతే ఫిఫో పొంగుతుంది. కొన్ని ప్యాకెట్లు పోతాయి. టీసీపీ అయితే మళ్లీ పంపించుకుంటుంది. మామూలుగా ఇది పెద్ద ప్రమాదమేమీ కాదు.

8168బీతో మాత్రం వేరే సంగతి. ఫిఫో పొంగితే ఆ చిప్‌కు ప్రత్యేకమైన చికిత్స కావాలి. అందుకే డ్రైవర్‌లో వెర్షన్ 11 కోసం ఒక షరతు ఉండేది: ఫిఫో ఓవర్ బిట్ కనిపిస్తే ట్రాన్స్‌మిట్ క్యూ ఆపి, చిప్‌ను రీసెట్ చేయి. మిగతా చిప్‌లకు ఈ షరతు వర్తించదు.

అప్పటి ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఎలా ఉండేదో చూడాలి. స్టేటస్ చదువుతుంది, చూడాల్సినవి చూస్తుంది, చూసిన బిట్లను తిరిగి రాసి చెరిపేస్తుంది, మళ్లీ స్టేటస్ చదువుతుంది. సున్నా వచ్చేదాకా ఇదే లూప్. ఏ చిప్ అయినా బుద్ధిగా బిట్ చెరిపేసినంత కాలం ఇది పని చేస్తుంది.

2011 మొదట్లో 8168సీ చిప్ ఒకదానిపై ఈ లూప్ అనంతంగా తిరగడం మొదలైంది. ఫిఫో ఓవర్ బిట్ వస్తోంది, ఆ వెర్షన్‌కు దాన్ని పట్టించుకునే కోడ్ లేదు, లూప్ ఆగదు. ఇక్కడ ఒక పేచీ ఉంది. ఫిఫోను ఖాళీ చేయించే పని న్యాపీ పోల్‌ది, అంటే వచ్చిన ప్యాకెట్లను విడతలుగా తీసుకునే కెర్నెల్ కోడ్‌ది. హ్యాండ్లర్ బయటికి వస్తేనే ఆ సీపీయూ మీద న్యాపీకి వంతు వస్తుంది. హ్యాండ్లర్ ఏమో బిట్ పోతే తప్ప బయటికి రాదు. యూజర్‌కు కనిపించేది మెషీన్ బిగుసుకుపోవడం. ఎర్రర్ మెసేజ్ లేదు, లాగ్ లేదు. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు సగం మంది పవర్ సప్లయ్‌నో ర్యామ్‌నో అనుమానిస్తారు.

ఆ రోజున పడిన పరిష్కారం సహజమైనదే: 11కి ఉన్న షరతులోకి 22ని కూడా చేర్చారు. రీసెట్ చేస్తే లూప్ తెగుతోంది, మెషీన్ బతుకుతోంది. తప్పు పట్టడానికి లేదు. నష్టం ఎదురుగా ఉంది, నివారణ పరీక్షించి చూశారు. కొద్ది రోజులకే మరో 8168 వెర్షన్ జాబితాలోకి వచ్చింది. ఆ తర్వాత షరతు కాస్తా పెద్ద స్విచ్ అయింది. కొన్ని వెర్షన్లకు రీసెట్. కొన్నింటికి, ఫిఫో ఓవర్ బిట్ ఒంటరిగా వస్తే లూప్ వదిలేసి బయటికి. ఆ జాబితా మధ్యలో రెండు కామెంట్లుండేవి. ఒకటి టెస్టర్లు కావాలని. రెండోది, ఇది ప్రయోగం చేసి తేల్చుకున్నది, పీకేటీజెన్‌తో రుజువైంది అని. పీకేటీజెన్ అంటే కెర్నెల్‌లోనే ఉన్న ప్యాకెట్ల జనరేటర్.

ఆ రెండు కామెంట్లంటే నాకు గౌరవం. ఏ వెర్షన్ గురించి తెలుసో, ఏ వెర్షన్ గురించి ఊహిస్తున్నామో కోడ్‌లోనే విడదీసి రాసిపెట్టారు. హార్డ్‌వేర్ తేడాల మీద రాసే కోడ్‌లో ఇంతకంటే విలువైన కామెంట్ ఉండదు. అయిదేళ్ల తర్వాత ఆ లైను తీసేయాలా ఉంచాలా అని తల పట్టుకునే మనిషికి కావలసింది ఆ ఒక్క సమాచారమే: దీన్ని ఎవరైనా నిజమైన చిప్ మీద చూశారా, లేదా?

2011 చివర్లో కథ మలుపు తిరిగింది. 8168సీ తర్వాత వచ్చిన గిగాబిట్ చిప్‌లు, 8105ఈ తర్వాత వచ్చిన ఫాస్ట్ ఈథర్నెట్ చిప్‌లు ఫిఫో పొంగినా వాటంతట అవే కోలుకుంటాయని రియల్‌టెక్ తెలియజేసింది. డ్రైవర్ ఆ బిట్‌ను చెరపాల్సిన పని కూడా లేదు, దాని జోలికి పోకపోవడమే మంచిది. అంటే స్విచ్‌లో పెరుగుతూ వచ్చిన జాబితాలో చాలా భాగం అనవసరం. చిప్ తన పని తాను చేసుకుంటుంటే మనం వెళ్లి రీసెట్ బటన్ నొక్కుతున్నామన్నమాట.

దీని తర్వాత వచ్చిన ప్యాచ్ జాబితాను సవరించి వదిలేయలేదు, పద్ధతినే మార్చింది. మనం అడిగిన సంఘటనల మాస్క్‌లో లేని బిట్లను హ్యాండ్లర్ అసలు చూడదు, అంతే. చదివిన స్టేటస్‌ను ముందు మాస్క్‌తో వడకట్టి, మిగిలిన దానిపైనే పని చేస్తుంది. ఏ చిప్‌కు ఏ బిట్ ముఖ్యమో మాస్క్ నిర్ణయిస్తుంది. 8168బీకి మాత్రం పాత చికిత్స అలాగే ఉంచారు. ఆ ప్యాచ్‌లో నాకు నచ్చిన ఇంకో సంగతి, 8168బీ రకాలనే ఇంకో రెండు వెర్షన్ల ప్రవర్తనను తయారీదారు సలహాకు పూర్తిగా సరిపోకపోయినా కదిలించకుండా వదిలేసి, ఆ మాట వివరణలో రాసిపెట్టారు. పత్రం ఒకటి చెబుతున్నా, ప్రయోగంలో నిలిచినదాన్ని తొందరపడి తీసేయలేదు.

రెండో ఘట్టం: సిస్టమ్ ఎర్రర్ బిట్

హెక్స్ 8000 బిట్ పుట్టింది పాత పీసీఐ కాలంలో. అప్పట్లో బస్ మీద పారిటీ తప్పినా, అవతలి పరికరం లావాదేవీని మధ్యలో ఆపేసినా చిప్ ఈ బిట్ వెలిగించేది. డ్రైవర్ పీసీఐ స్టేటస్ రిజిస్టర్‌లోని ఎర్రర్ బిట్లు చదివి, లాగ్‌లో ఒక లైను రాసి, చిప్‌ను రీసెట్ చేసేది. అప్పటి కోడ్‌లో ఆ రికవరీ క్రమం మీద ఒక నిజాయతీ గల కామెంట్ ఉండేది: ఇది పని చేస్తున్నట్టుంది, ఇంతకంటే ఏం చేయాలో కనిపించలేదు అని.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చాక బస్ తప్పుల కబురు చేరే దారి మారింది. ఏఈఆర్ అని వేరే యంత్రాంగం ఉంది, అది కెర్నెల్ పీసీఐ కోర్ చూసుకుంటుంది. నెట్‌వర్క్ డ్రైవర్‌కు దాంతో పెద్దగా సంబంధం లేదు. అయినా చిప్ స్టేటస్ రిజిస్టర్‌లో 8000 బిట్ స్థానం అలాగే ఉండిపోయింది. కొత్త చిప్‌లో ఆ బిట్ ఏ పరిస్థితిలో వెలుగుతుందన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు 8168ఎఫ్‌పీ చిప్‌తో వచ్చింది. దీన్నే 8117 అని కూడా అంటారు. అది ఎలాంటి బస్ తప్పూ లేకుండానే అప్పుడప్పుడు సిస్టమ్ ఎర్రర్ బిట్ పెట్టేస్తుంది. ఆ సమయానికి డ్రైవర్‌లో మాస్క్ సరిగానే ఉంది: సిస్టమ్ ఎర్రర్‌ను అంతర్గత వెర్షన్ 06 వరకు ఉన్న పీసీఐ చిప్‌లకు మాత్రమే అడిగారు. మరి తప్పెక్కడ?

2011 నాటి పద్ధతిలో స్టేటస్‌నే మాస్క్‌తో వడకట్టేవారని చెప్పాను కదా. ఆ తర్వాతి ఏళ్లలో హ్యాండ్లర్‌ను సరళం చేస్తూ పోయినప్పుడు ఆ వడపోత గుమ్మం దగ్గరి తనిఖీగా మారింది. స్టేటస్‌లో మాస్క్ బిట్ ఒక్కటైనా ఉందా? లేకపోతే ఇది మన ఇంటరప్ట్ కాదని వెనక్కి. ఉంటే లోపలికి. లోపలికి వచ్చాక చూసేది మాత్రం ముడి స్టేటస్‌నే. అంటే మామూలు ప్యాకెట్ వచ్చిందన్న బిట్ వల్ల గుమ్మం దాటాక, పక్కన అడగకుండా వెలిగిన 8000 బిట్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. వెంటనే పీసీఐ ఎర్రర్ అని లాగ్, వెంటనే రీసెట్. ఏ తప్పూ లేని లింక్ ట్రాఫిక్ మధ్యలో ఆగిపోతుంది.

దీన్ని రివ్యూలో పట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. మాస్క్ వేసే చోట చూస్తే సరిగా ఉంది. హ్యాండ్లర్‌లో చూస్తే గుమ్మం దగ్గర మాస్క్ తనిఖీ ఉంది. రెండూ విడివిడిగా చదివితే ఏ లోపమూ లేదు. మాస్క్‌లో లేని బిట్ కూడా స్టేటస్‌లో వెలగగలదన్న విషయం తలలో ఉంటేనే, ఆ లోపలి షరతు దగ్గర కన్ను ఆగుతుంది.

పరిష్కారం ఒక్క షరతు: సిస్టమ్ ఎర్రర్ బిట్ వెలిగి, చిప్ వెర్షన్ 06 లేదా అంతకంటే తక్కువైతేనే పీసీఐ ఎర్రర్ రికవరీ. పైన కామెంట్‌లో, కనీసం 8168ఎఫ్‌పీ అయినా ఈ బిట్‌ను అనుకోకుండా పెట్టగలదని రాశారు.

ఈ షరతును ఏ వైపు నుంచి రాశారో చూడండి. కేసు అంతటికీ ఇదే ముఖ్యమైన నిర్ణయమని నా అభిప్రాయం. ఫిర్యాదు ఒక్క చిప్ మీద. 8168ఎఫ్‌పీ అయితే ఈ బిట్ వదిలేయి అని రాసి ఊరుకోవచ్చు. అలా రాస్తే రేపు మరో చిప్, ఎల్లుండి ఇంకో చిప్, ఫిఫో జాబితా పెరిగినట్టే ఇదీ పెరుగుతుంది. పైగా అలా పెరిగే ప్రతిసారీ ఎక్కడో ఒక యూజర్ నష్టపోయాకే పేరు ఎక్కుతుంది. వాళ్లు తిరగేసి రాశారు. ఈ బిట్‌కు ఈ అర్థం ఉందని ఖాయంగా తెలిసిన చిప్‌ల మీదే చర్య, మిగతా అందరికీ చర్య లేదు. కామెంట్‌లోని "కనీసం" అన్న మాట కూడా అదే చెబుతోంది: తెలిసింది ఒక్కదాని గురించి, కానీ మిగతావి బాగున్నాయని మేం హామీ ఇవ్వడం లేదు.

రికవరీ కోడ్ ఖరీదైనది అయినప్పుడు ఎప్పుడూ ఈ దిశలోనే రాయాలని నేను పట్టుబడతాను. కౌంటర్ ఒకటి పెంచడం, లాగ్ ఒక లైను రాయడం లాంటివైతే తెలియని చిప్‌ల మీద కూడా చేయొచ్చు, పోయేదేమీ లేదు. చిప్ రీసెట్ అలాంటిది కాదు. ప్యాకెట్లు మెమొరీలో ఎక్కడున్నాయో చిప్‌కు చెప్పే డిస్క్రిప్టర్ రింగులు ఖాళీ అవుతాయి, దారిలో ఉన్న ప్యాకెట్లు పోతాయి.

ఒక్క విషయంలో మాత్రం నేనైతే వేరేగా రాసేవాడిని. 06 అన్న నంబరు వెనక ఉన్న అసలు కారణం బస్ రకం. ఈ కెర్నెల్‌లో పరికరం పీసీఐ ఎక్స్‌ప్రెస్సా కాదా అని అడగడానికి సిద్ధంగా ఫంక్షన్ ఉంది. దాన్ని ప్రోబ్‌లో ఒక్కసారి అడిగి, బస్ ఎర్రర్ బిట్‌ను నమ్మాలా వద్దా అన్న గుర్తును డ్రైవర్ డేటా నిర్మాణంలో పెట్టుకుంటే, మాస్క్ వేసే చోటా, హ్యాండ్లర్‌లోనూ అదే గుర్తును చూడొచ్చు. నంబరు చదివినవాడికి ఎందుకో తెలియదు, గుర్తు పేరు చదివితే తెలుస్తుంది. దీనికి ఎదురు వాదన కూడా ఉంది: ఈ డ్రైవర్ అంతా వెర్షన్ నంబర్ల మీదే నడుస్తోంది, ఒక్క చోట వేరే భాష మాట్లాడితే చదివేవాళ్లు తికమకపడతారు. ఆ వాదనకు బలం ఉందని ఒప్పుకుంటాను.

రిజిస్టరే మారినప్పుడు

2.5 గిగాబిట్ 8125 చిప్‌లో బిట్ అర్థానికి మించిన మార్పు ఉంది. పాత చిప్‌లలో మాస్క్ హెక్స్ 3సీ దగ్గర, స్టేటస్ 3ఈ దగ్గర, రెండూ 16 బిట్లు. 8125లో మాస్క్ 38కి జరిగింది, స్టేటస్ 3సీకి వచ్చింది, రెండూ 32 బిట్లు. అంటే పాత కోడ్‌తో 3ఈ దగ్గర 16 బిట్లు చదివితే తప్పు అని కూడా తెలియదు. కొత్త స్టేటస్ పై సగం వస్తుంది. ఇలాంటి చోట షరతులు హ్యాండ్లర్ నిండా చల్లకుండా, స్టేటస్ చదవడం, చెరపడం, మాస్క్ పెట్టడం అనే చిన్న ఫంక్షన్ల లోపలే దాచేశారు.

ఒక షరతు మాత్రం హ్యాండ్లర్‌లోనే ఉండక తప్పలేదు. చిప్ బస్ మీద నుంచి మాయమైతే, లేదా లోతైన నిద్రలో ఉండి జవాబివ్వకపోతే, రిజిస్టర్ చదివినప్పుడు అన్ని బిట్లూ ఒకట్లుగా వస్తాయి. 16 బిట్ల కాలంలో దాన్ని హెక్స్‌లో నాలుగు ఎఫ్‌లతో పోల్చితే చాలు. 32 బిట్ల చిప్‌లో ఎనిమిది ఎఫ్‌లు వస్తాయి, పాత పోలిక తప్పుతుంది. అప్పుడు లేని చిప్ మీద అన్ని సంఘటనలూ ఒకేసారి జరిగాయని హ్యాండ్లర్ నమ్ముతుంది. అందుకే ఇప్పుడు కింది 16 బిట్లు మాత్రమే తీసుకుని పోలుస్తారు, రెండు రకాలకూ సరిపోతుంది.

బిట్‌ను వదిలేస్తే నిజం తప్పు ఎవరు పట్టుకుంటారు?

ఈ ప్రశ్న ప్రతి రివ్యూలో వస్తుంది, రావాలి కూడా. ఎర్రర్ బిట్‌ను పట్టించుకోకపోవడం సులువు. దాని వెనక ఇంకో వల ఉందని చూపించాకే ఆ ప్యాచ్ ఒప్పుకోవాలి.

ఇక్కడ ఆ వల ట్రాన్స్‌మిట్ టైమౌట్. క్యూలో ప్యాకెట్ ఉండి చిప్ కదలకపోతే కెర్నెల్ వాచ్‌డాగ్ డ్రైవర్‌ను పిలుస్తుంది. కారణం ఏదైనా సరే, ఫలితాన్ని బట్టి పట్టుకుంటుంది కాబట్టి చిప్ తరంతో దీనికి పని లేదు. తర్వాతి కెర్నెళ్లలో ఈ దారికి మెట్లు కట్టారు. టీఎక్స్ కాన్ఫిగ్ రిజిస్టర్ చదివితే అన్నీ ఒకట్లే వస్తున్నాయంటే చిప్ అందుబాటులో లేదని అర్థం. అప్పుడు బస్‌నే రీసెట్ చేసి చూస్తుంది, అదీ కుదరకపోతే పరికరాన్ని విడదీసేసి లాగ్‌లో చెబుతుంది. చిప్ పలుకుతూనే టైమౌట్ వస్తే, ఏఎస్‌పీఎం అనే లింక్ పవర్ సేవింగ్‌ను ఆపేసి రీసెట్ చేస్తుంది. పవర్ సేవింగ్‌తో వచ్చే చిక్కులు బోర్డును బట్టి, బయోస్‌ను బట్టి మారతాయి. వాటికి చిప్ వెర్షన్ జాబితా ఎంత పెద్దది రాసినా చాలదు. అందుకే ఇబ్బంది కనిపించిన మెషీన్ మీదే ఆపడం అన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

ఇలాంటి మార్పును ఒప్పుకునే ముందు నేను చేసే పరీక్ష గురించి కూడా చెబుతాను. రెండో మెషీన్ నుంచి పీకేటీజెన్‌తో చిన్న ప్యాకెట్లు కుమ్మరిస్తాను. అవతల ఈథ్‌టూల్ అనే కమాండ్ ఇచ్చే గణాంకాల్లో ఆర్ఎక్స్ మిస్డ్ (అందుకోలేక పోయిన ప్యాకెట్ల) కౌంటర్ చూస్తాను. ఆ సంఖ్య పెరుగుతూ, వరద ఆగగానే పింగ్ మామూలుగా నడిస్తే ఆ చిప్ తానే కోలుకుంటున్నట్టు. వరద ఆగాక కూడా పింగ్ రాకపోతే దానికి చికిత్స కావాలి. సిస్టమ్ ఎర్రర్ లాంటి బిట్‌ను కావాలని పుట్టించడం కష్టం. అందుకని టెస్ట్ బిల్డ్‌లో డీబగ్ ఎఫ్ఎస్ (డీబగ్ కోసం కెర్నెల్ చూపించే ఫైళ్లు) ద్వారా, చదివిన స్టేటస్‌కు ఆ బిట్‌ను మనమే కలిపే చిన్న మీట పెడతాను. మీట వేసినప్పుడు పాత పీసీఐ కార్డు మీద రీసెట్ జరగాలి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు మీద ఏమీ జరగకూడదు. రెండోది చూడటం చాలామంది మరిచిపోతారు. చర్య జరిగిందా అని చూస్తారు గానీ, జరగకూడని చోట జరగలేదా అని చూడరు.

కార్డుల విషయానికొస్తే, ల్యాబ్‌లో పాత 8169 పీసీఐ కార్డు ఒకటి, దాన్ని పెట్టడానికి పీసీఐ స్లాట్ ఉన్న పాత మదర్‌బోర్డు ఒకటి దాచుకోవడం అవసరం. 06 వరకు ఉన్న దారిని ఇంకే విధంగానూ నడిపించలేం. బగ్ రిపోర్ట్ పంపేవాళ్లకు ఒక్క విన్నపం: పీసీఐ ఐడీతో పాటు బూట్ లాగ్‌లోని ఎక్స్ఐడీ లైను కూడా పెట్టండి. ఐడీ మాత్రమే ఇస్తే అది ఏ తరం చిప్పో మాకు తెలిసే దారి లేదు.